కిట్ లెన్స్‌తో బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావడం లేదు, జాతర ఫొటోలు కదిలిపోతున్నాయి. 50 ఎంఎం లెన్స్ కొనాలా?

పర్లాకిమిడి నుంచి మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్‌లో ఎఫ్ 5.6 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు) పెట్టినా మనిషి వెనకాల ఉన్నదంతా స్పష్టంగానే వస్తోంది, ఫోన్లో పోర్ట్రెయిట్ మోడే నయం అనిపిస్తోంది అన్నారు. రాత్రిపూట జాతరలో వేషగాళ్ల ఫొటోలు ఒక్కటీ నిలకడగా రావడం లేదన్నారు. 50 ఎంఎం ఎఫ్ 1.8 కొంటే రెండూ తీరతాయా అన్నది మీ సందేహం. జాతరకి ఆ లెన్స్ బాగా పనికొస్తుంది. బ్లర్ కోసమైతే ఇప్పుడు చేతిలో ఉన్నదే చాలు. నేను బరంపురంలో ఉంటాను, చాలాకాలం ఇదే రకం కిట్ లెన్స్‌తో తీశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫోకస్ చేసిన చోటుకి ముందూ వెనకా ఎంత మేర స్పష్టంగా కనిపిస్తుందో దాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటాం. దీన్ని అందరూ ఎఫ్ నంబరుకే ముడిపెడతారు. మీకూ మనిషికీ మధ్య ఉన్న దూరం అంతకంటే గట్టిగా పనిచేస్తుంది. ఎఫ్ నంబరు రెట్టింపు చేస్తే డెప్త్ సుమారు రెట్టింపవుతుంది. దూరం రెట్టింపైతే మాత్రం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మీ కెమెరాలో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌కి (ఫొటో పడే చిప్) లెక్క వేసి చెబుతాను. లెన్స్‌ని 55 దాకా జూమ్ చేసి, ఎఫ్ 5.6లో, మనిషికి మూడు మీటర్ల దూరంలో నిలబడితే 65 సెంటీమీటర్లకు పైగా స్పష్టంగా ఉంటుంది. అదే మీటరున్నరకి జరిగితే 17 సెంటీమీటర్లే. ముఖం వరకూ సరిపోతుంది, వెనకాలది కరిగిపోతుంది. ఇక 18 దగ్గర పెట్టి అదే మీటరున్నర నుంచి తీస్తే రెండు మీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. మీరు 18కీ 35కీ మధ్య ఎక్కడో పెట్టి, మనిషి మొత్తం పట్టేలా దూరం నుంచి తీస్తున్నారని నా అనుమానం. ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ (18, 35, 55 అనే ఈ జూమ్ అంకె) ఉంటుంది, ఒకసారి చూడండి.

ఇంకొకటి కూడా ఉంది, కొత్తవాళ్లకి దీన్ని ఎవరూ చెప్పరు. మనిషి వెనక గోడ ఎంత దూరంలో ఉంది? గోడకి ఆనుకుని నిలబెడితే ఏ లెన్సూ ఏమీ చేయలేదు. మా వీధి చివర పట్టు నేసే మావయ్య గారింట్లో మగ్గం గది బాగా ఇరుకు. ఎదురుగా నిలబడి తీస్తే ఆయన వీపు వెనకే గోడ, దాని మీద క్యాలెండరు, స్విచ్‌బోర్డు అన్నీ చక్కగా పడతాయి. అందుకని పక్కకి వెళ్లి, ఆయన వెనక వీధి తలుపు వచ్చేలా కూర్చున్నాను. లెన్స్ 55 దగ్గరే, ఎఫ్ 5.6లోనే. తలుపు అవతలి వీధంతా మెత్తటి రంగులుగా మారింది, ఆయన చేతులూ ముఖమూ మాత్రమే నిలిచాయి. కాబట్టి ముందు మనిషిని గోడకి నాలుగైదు మీటర్లు ముందుకు రమ్మనండి, 55కి జూమ్ చేయండి, మీరు దగ్గరికి వెళ్లండి, కంటి మీద ఫోకస్ పెట్టండి. ఫోన్ సంగతంటారా, దాని సెన్సర్ చిన్నది కాబట్టి నిజమైన బ్లర్ కొద్దిగానే వస్తుంది, మిగతాది సాఫ్ట్‌వేర్ కల్పిస్తుంది. చెదిరిన జుట్టు, చీర కుచ్చుల అంచుల దగ్గర చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక జాతర. కదిలిపోయిన ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూడండి. వెనక పందిరి గుంజ కూడా సాగినట్టుంటే కదిలింది మీ చెయ్యి. గుంజ స్పష్టంగా ఉండి వేషగాడి చేతులు మాత్రమే చెదిరితే కదిలింది అతను. లెన్స్‌లో ఉండే స్టెబిలైజేషన్ మొదటి దానికే మందు. 55 దగ్గర చెయ్యి వణుకు కనిపించకుండా ఉండాలంటే షట్టర్ తెరిచి ఉండే సమయం 1/80 సెకను చాలు. మామూలు నాట్యానికి 1/250 కావాలి. మా ఊళ్లో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో పులివేషాలు ఎగిరి దూకుతుంటే 1/500 అయినా పెట్టాలి. దూకేవాడు గాల్లో పైకి వెళ్లి కిందికి దిగబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణాన్ని పట్టుకోగలిగితే 1/200తో కూడా బండి నడుస్తుంది.

వెలుతురు తక్కువలో కిట్ లెన్స్‌తో పెద్ద చిక్కు ఏమిటంటే, జూమ్ చేసేకొద్దీ మీరు అడక్కుండానే అది ఎఫ్ 5.6కి పడిపోతుంది. 18 దగ్గర ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది, అంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు. అందుకే రాత్రి జూమ్ చేయకండి, 18 దగ్గరే ఉంచి మీరే ముందుకి వెళ్లండి. ఐఎస్‌ఓని (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 నుంచి 6400కి పెంచితే ఇంకో నాలుగు రెట్లు. రెండూ కలిపితే 1/30 దగ్గర ఆగిపోయిన షట్టర్ 1/300 దాకా వస్తుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. గింజలు గింజలుగా నాయిజ్ వస్తుందని భయపడకండి. నాయిజ్‌ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఎవరూ బాగు చేయలేరు. షట్టర్ మోడ్ పెట్టి (కెనాన్‌లో టీవీ, నికాన్‌లో ఎస్ అని ఉంటుంది) ఐఎస్‌ఓని ఆటోలో వదిలేస్తే టెన్షన్ ఉండదు.

అన్నిటినీ బిగించి ఆపేయాలని కూడా లేదు. డప్పు కొట్టేవాళ్లని నేను కావాలనే 1/60లో తీస్తాను. ముఖం నిలిచి, పుల్లలు మాత్రం గాల్లో గీతల్లా వస్తాయి. 1/1000లో తీస్తే డప్పు మోగుతున్నట్టే అనిపించదు. నాకైతే జాతర ఫొటోల్లో అవే ఎక్కువ ఇష్టం.

సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీ బోర్డుల కింద ఒక జాగ్రత్త. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/500లో తీస్తే ఒక ఫొటో వెలుగ్గా, తర్వాతది చీకటిగా, ఒక్కోసారి అడ్డంగా చారలతో వస్తుంది. కెమెరా పాడైందనుకోకండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే వరసగా నాలుగైదు కొట్టి మంచిది ఉంచుకోండి, కదలని వాటికి 1/100 పెట్టండి.

ఎప్పుడైనా మా దగ్గరి సముద్రతీరం గోపాల్‌పూర్ వస్తే తెల్లవారుజామునే రండి. సూర్యుడు సముద్రంలోంచే పైకి వస్తాడు, పడవలు అప్పుడే ఒడ్డుకి చేరుతుంటాయి. జాలర్లలో చాలామంది మన తెలుగువాళ్లే, నాలుగు మాటలు కలిపి అడిగి తీస్తే దగ్గరికి రానిస్తారు. అక్కడ బ్లర్ వద్దు, వల నుంచి హోరైజన్ దాకా అంతా కావాలి. 18 దగ్గర, ఎఫ్ 8లో, రెండు మీటర్ల దూరంలో ఉన్న దాని మీద ఫోకస్ పెడితే మీటరు దూరం నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. ఇంకా బాగుంటుందని ఎఫ్ 22కి వెళ్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం దగ్గర వెలుతురు వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఒడ్డున లెన్స్ మార్చకండి, ఉప్పు తుంపర లోపలికి వెళ్తుంది.

మా గంజాం జిల్లాలోని భేట్నోయి పొలాల్లో కృష్ణ జింకలకి మాత్రం 55 చాలదు. పైగా మధ్యాహ్నం నేల నుంచి లేచే వేడిగాలికి ఎంత మంచి లెన్సయినా మసకే, పొద్దున్నే వెళ్లాలి.

కొనాలా అంటే, జాతర కోసమే అయితే కొనండి. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8లో దాదాపు పది రెట్ల వెలుతురు వస్తుంది. కానీ రెండు మీటర్ల దూరంలో డెప్త్ 12 సెంటీమీటర్ల లోపే, ఇద్దరు వేషగాళ్లుంటే ఒకరు మసకబారతారు. గుంపు ఉన్నప్పుడు ఎఫ్ 2.8 పెట్టండి. ఇంట్లో పిల్లల ఫొటోలే ఎక్కువ తీస్తారనుకుంటే చిన్న గదుల్లో 50 ఇరుకవుతుంది, 35 ఎంఎం ఎఫ్ 1.8 చూడండి. సెకండ్ హ్యాండ్ కొనేటట్టయితే ముందు మీ కెమెరా బాడీ ఏ మోడలో చూసుకోండి. నికాన్ డీ3000, డీ5000 వరసల్లో ఫోకస్ మోటార్ బాడీలో ఉండదు, లెన్స్‌లోనూ మోటార్ లేని పాత ఏఎఫ్-డీ రకం 50 ఎంఎం తగిలిస్తే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే తీసుకోండి.