కొంగు చాటున దాచకు

పాపా,

మీ అమ్మ ఫోన్‌లో గొంతు తగ్గించి చెప్పింది, పక్కింట్లో దొంగలు పడ్డట్టు. 43 ఏళ్లకు నెల తప్పావట, ముట్టు ఆగిపోతోందనుకున్నావట. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒడిశా బరంపురంలో నీ రెండంతస్తుల మెట్లు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

ఫోలిక్ యాసిడ్ మాత్ర మానకు. 11 నుంచి 14 వారాల మధ్య తీసే స్కాన్ తప్పించుకోకు. షుగర్ పరీక్ష ఇప్పుడోసారి, 24 వారాలు దాటాక మరోసారి. ఇవన్నీ డాక్టరమ్మ చెబుతుంది.

నేను చెప్పేది 1991 సంగతి. నాకప్పుడు 41. పర్లాకిమిడి తెలుగు బడిలో పంతులమ్మని, పెద్దది ఇంటర్‌. పెళ్లీడు పిల్లను పెట్టుకుని నేను కడుపుతో ఉన్నానంటే నలుగురూ ఏమంటారని గంజి చీరలు కట్టి, హాజరు పట్టీ పొట్టకు అడ్డంగా పట్టుకుని నడిచేదాన్ని. కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టలేదు. తలనొప్పికి అమృతాంజనం రాసుకున్నాను. కళ్ల ముందు మిణుగురుల్లా మెరిస్తే ఎండ అనుకున్నాను. ఏడో నెలలో నల్లబల్ల మీద 'క్ష' రాస్తూ పడిపోయాను. బీపీ పెరిగిపోయిందని రాత్రికి రాత్రి జీపులో బరంపురం తీసుకెళ్లారు. నీ తమ్ముడు గుప్పెడంత పుట్టాడు. ఇప్పుడు ఆరడుగులు, నా మాట వినడు. అది వేరే కథ.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. సంగతి పెద్దదానికి కుళాయి దగ్గర ఎవరో చెప్పారట. "ఊరంతా తెలిశాక నాకు తెలిసిందమ్మా" అంది ఆస్పత్రిలో, నా మొహం చూడకుండా. ఇన్నేళ్లయినా ఆ మాట అలాగే ఉంది.

మందమతీ, కౌన్సెలింగ్ అంటూ ఊరందరి కడుపులో మాటలు బయటికి తీస్తావు, నీ కడుపులో మాట పదో తరగతి కూతురికి ఇంకా చెప్పలేదటగా! ఈ రాత్రికే చెప్పు. కోపమొస్తే రానీ.

తెలుగులో ఏడవడానికి నిన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారే, వాళ్లకూ పొట్ట కనబడకముందే చెప్పు. నువ్వు లేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో కాయితం మీద రాసివ్వు. పిల్లల్లేక బాధపడేవాళ్లకు మొదట చెప్పు, నిదానంగా. ఆ పని నాకంటే నీకే బాగా తెలుసు, అయినా ఉండబట్టక రాస్తున్నాను.

బీపీ మిషను కొన్నాను. మీ బాబాయి మీద రెండుసార్లు చూశాను, పనిచేస్తోంది. వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకి తెస్తాను, చింతకాయ పచ్చడి కూడా. ఉప్పు తక్కువే వేశాన్లే, అయినా వేలితో నాకడం వరకే.

మీ పిన్ని