ఒకే రేడియోలో హెచ్‌ఎఫ్, వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ అన్నీ ఉండాలంటే ఏది కొనాలి?

కొత్తగా హ్యామ్ (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్స్ వచ్చినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. హెచ్‌ఎఫ్ అంటే దూరప్రాంతాలకు వాడే తక్కువ పౌనఃపున్యాలు, వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ అంటే ఎక్కువగా దగ్గరి సంభాషణలకు వాడే పై పౌనఃపున్యాలు. ఇంట్లో ఒక్క సెట్టే పెట్టుకునే వీలుంటే యాయెసు (Yaesu) కంపెనీ ఎఫ్‌టీ-991ఏ మంచి ఎంపిక అంటాను. హెచ్‌ఎఫ్, 6 మీటర్ల బ్యాండ్లలో 100 వాట్లు, 2 మీటర్లు, 70 సెంటీమీటర్లలో 50 వాట్లు ఇస్తుంది. తగిన సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌కు యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఎఫ్‌టీ8 (బలహీన సిగ్నల్‌తోనూ చిన్న సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి) కూడా చేయొచ్చు. కాకపోతే ఎఫ్‌టీ8లో పంపే ప్రతి విడతలో దాదాపు 13 సెకన్లు పూర్తి పవర్ ఆగకుండా వెళ్తుంది కాబట్టి పవర్ 30 వాట్లకు తగ్గించండి, సెట్ మరీ వేడెక్కదు.

ఒక లోటు ఉంది. ఇది పంపుతున్న సమయంలోనే వినడం కుదరదు, ఉపగ్రహాలతో మాట్లాడేటప్పుడు అది బాగా పనికొస్తుంది. ఉపగ్రహాల ద్వారా మాట్లాడాలన్నదే మీ కోరికైతే వేరేది చూడండి.

డబ్బంతా సెట్ మీదే పెట్టేయకండి, దయచేసి. 13.8 వోల్టుల దగ్గర 23 ఆంపియర్లు ఇవ్వగల పవర్ సప్లై కావాలి. 40 మీటర్ల బ్యాండ్‌కు డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే రెండు తీగల యాంటెన్నా) తీగ మొత్తం సుమారు 20 మీటర్లు, డాబా మీద చోటు ముందే కొలుచుకోండి. సెట్ లోపలి ట్యూనర్ (యాంటెన్నాను సెట్‌కు పొసిగేలా సర్దే భాగం) 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత పొసగలేదో చెప్పే కొలత) దాకానే సర్దుతుంది, చెడ్డ యాంటెన్నాను మంచిది చేయలేదు. హెచ్‌ఎఫ్, 6 మీటర్లకు ఒకటి, 2 మీటర్లు, 70 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున సెట్ వెనక వేర్వేరు యాంటెన్నా సాకెట్లున్నాయి. ప్రసారం మొదలుపెట్టేముందు ఏది ఎక్కడ తగిలించారో ఒకసారి చూసుకోండి.