సమాధానం: సీపీయూ వాడకం 240 శాతం ఎందుకు చూపిస్తోంది?

ఏఐఎక్స్ (ఐబీఎం సర్వర్ల ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే పార్టిషన్‌లో, అంటే ఒకే మెషీన్‌ను పంచి చేసిన భాగాల్లో ఒకదానిలో, సీపీయూ వాడకం చూపే ఎల్‌పార్‌స్టాట్ కమాండ్ 240 శాతం చూపిస్తోందని టెన్షన్ పడకండి, అది తప్పు లెక్క కాదు. ఆ శాతం మొత్తం మెషీన్‌ మీద కాదు, మీ పార్టిషన్‌కు హామీగా రాసిచ్చిన వాటా మీద లెక్కగడతారు. మీరు ప్రశ్నలో రాసినట్టు మీ వాటా 0.5 ప్రాసెసర్, వాడింది 1.2. అంటే 240 శాతమే. పార్టిషన్ అన్‌క్యాప్డ్ (వాటా దాటి వాడుకోగలది) కాబట్టి, షేర్డ్ పూల్‌లో, అంటే పార్టిషన్లు పంచుకునే ప్రాసెసర్లలో, ఖాళీగా ఉన్న ప్రాసెసర్ సమయాన్ని తీసుకుంటోంది. క్యాప్డ్ అయితే 100 దగ్గరే ఆగేది.

దీనికీ ఒక హద్దుంది: వర్చువల్ ప్రాసెసర్ల (పార్టిషన్‌కు కనిపించే ప్రాసెసర్ల) సంఖ్య. ఒక్కోటి గరిష్ఠంగా ఒక అసలు ప్రాసెసర్ సమయమే వాడగలదు. మీకు రెండే ఉన్నాయి, వాటా 0.5 కనుక 400 శాతం దాటదు. నేనైతే శాతం కన్నా నిజంగా వాడిన ప్రాసెసర్ల సంఖ్య చూపే ఫిజ్‌సీ కాలమ్‌నే నమ్ముతాను.

అసలు భయపడాల్సింది రోజంతా ఇలాగే ఉంటేనే. పక్క పార్టిషన్లు బిజీ అయిన క్షణాన ఆ అదనపు సమయం దొరకదు, మీ అప్లికేషన్ నెమ్మదిస్తుంది. అప్పుడు వాటాను 1.0కి పెంచమని అడ్మిన్‌ని అడగండి.