‘బ్రోచేవారెవరురా’ పాడబోయే మనవరాలికి

చిరంజీవి అమ్మడూ, ఆశీస్సులు.

దసరాకు ‘బ్రోచేవారెవరురా’ పాడతానని రాశావు. చాలా సంతోషం. మనవాళ్లలో ఎందరికో ఈ కృతి 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ సినిమాతో చెవిన పడింది. త్యాగరాజస్వామిదే అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది మైసూరు వాసుదేవాచార్యులవారిది. పాడేముందు సభలో ఆయన పేరు చెప్పు.

ఆయన 1865లో పుట్టి 1961 దాకా ఉన్నారు. మైసూరు మహారాజావారి పోషణతో తిరువయ్యారు వెళ్లి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ దగ్గర నేర్చుకున్నారు. అయ్యర్‌గారి గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య సాక్షాత్తు త్యాగరాజ శిష్యుడు. కన్నడ దేశంలో పుట్టినా ఆచార్యులవారు తెలుగులో, సంస్కృతంలో అంత చక్కగా రాయగలిగారంటే ఆ పరంపర బలం ఎంతటిదో చూడు.

ఇక పాట సంగతి. ఈ కృతిని పరుగెత్తించడం ఇప్పుడు రివాజయింది. నాకది బొత్తిగా నచ్చదు. ఇది ఒకడి మొర. కాలప్రమాణం, అంటే పాట వేగం, కాస్త తగ్గించు. పల్లవి తర్వాత వచ్చే అనుపల్లవి ‘వేగమే’ అని ముగుస్తుంది, చరణం ‘నా చేయి పట్టి విడువక’ అని ముగుస్తుంది. రెండుచోట్లా వాక్యం అక్కడ పూర్తి కాలేదు. ‘విడువక బ్రోచేవారెవరురా’ అని పల్లవి అందుకుంటేనే అర్థం నిండుతుంది. అందుకని అక్కడ ఆగి ఊపిరి తీసుకోకు. ముందు పల్లవి ఎత్తుకుని మాట పూర్తిచెయ్యి, ఆ తర్వాతే చిట్టస్వరం, అంటే కృతికి ముందే కూర్చిపెట్టిన స్వరాల వరస. చప్పట్ల కోసం ‘విడువక’ దగ్గర తెంపి స్వరాల్లోకి దూకేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చరణంలో ‘కరిరాజుని బ్రోచిన వాసుదేవుడవే’ అన్నచోట మరీ జాగ్రత్త. ఆచార్యులవారి ముద్ర, అంటే పాటలో ఆయన సంతకం, అక్కడే ఉంది. గజేంద్రుణ్ణి కాచిన దేవుడి పేరులోనే తన పేరు కలిపేశారు. ‘బ్రోచిన’ తర్వాత విరిచావా, ఆ అందం పోతుంది. ఒక్క ఊపిరిలో రావాలి.

రాగం విషయంలో ఒక్కటే చెబుతాను. ఈ కృతి ఖమాస్ రాగంలో ఉంది. దాని ఆరోహణలో, అంటే స్వరాలు పైకి ఎక్కేటప్పుడు, రిషభం (‘రి’) ముట్టకు. ‘స మ గ మ ప’ అనే నడక గొంతులో స్థిరపడేదాకా ఆలాపన జోలికి వెళ్లకు. దాని మాతృరాగం హరికాంభోజి వాసన వచ్చేస్తుంది.

ఈ ఒక్క కృతితో ఆయనను వదిలేయకు. హిందోళంలో ‘మామవతు శ్రీ సరస్వతి’, మోహనలో ‘రారా రాజీవలోచన’ నేర్చుకో. సరస్వతి పూజ నాడు ఆ హిందోళం కృతి పాడితే ఎంత నిండుగా ఉంటుందో! తొంభై ఏళ్లకు చేరువైన వయసులో నర్తకి రుక్మిణీదేవి పిలిస్తే, ఆవిడ స్థాపించిన మద్రాసు కళాక్షేత్రానికి వెళ్లి, రామాయణ నృత్యనాటకాలకు సంగీతం కూర్చారాయన. ఆయన పోయాక మిగిలిన పని మనవడు రాజారాం పూర్తిచేశారు.

ఈ వారం చరణం ఒక్కటే సాధన చెయ్యి, శ్రుతిపెట్టె తప్ప ఇంకేదీ వద్దు. ఆదివారం ఫోనులో వింటాను.

నీ అమ్మమ్మ