అనగనగా ఒక రాజు, ఆ రాజుకు…

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. కథలో ప్రాణం ఉంది. ఆర్టికల్స్ దగ్గరే టెన్షన్‌గా ఉందని, ఎక్కడ 'ఎ' పెట్టాలో, ఎక్కడ 'ద' పెట్టాలో, ఎక్కడ రెండూ వద్దో తేలడం లేదని రాశావు.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు అవి పట్టుబడవని చాలామంది అంటారు. నేనొప్పుకోను. 'అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు.' మొదటిసారి వచ్చినప్పుడు 'ఒక', వినేవాళ్లకు పరిచయమయ్యాక 'ఆ'. ఇంగ్లీషులో 'ఎ' పుట్టింది ఒకటి అనే మాటలోంచే. 'ద' పుట్టింది ఆ, అది అని చూపించే మాటలోంచే. 'పుస్తకం చదివాను', 'పుస్తకాన్ని చదివాను' అని చెప్పుకుని చూడు. రెండోది వినగానే మనిద్దరికీ తెలిసిన పుస్తకమేదో మనసులోకి వస్తుంది. కాకపోతే మనం 'ఒక', 'ఆ' అవసరమైతేనే వాడతాం. ఇంగ్లీషు అలా వదిలెయ్యనివ్వదు.

అందుకని నామవాచకం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసుకో: నేను ఏ వస్తువు గురించి చెబుతున్నానో చదివేవాళ్లకు తెలుస్తుందా? నీకు తెలిస్తే చాలదు. నీ మొదటి వాక్యమే తీసుకో: 'మ్యాన్ వాజ్ స్టాండింగ్ ఎట్ డోర్.' ఆ మనిషిని పాఠకుడు ఇంకా చూడలేదు, కాబట్టి 'ఎ మ్యాన్'. తలుపు కూడా కొత్తదే కదా అంటావేమో. గది అన్నాక తలుపుంటుంది, ఏ తలుపో వేరే చెప్పక్కర్లేదు. అందుకే 'ద డోర్'. ఇక 'ద మ్యాన్' అని మొదలుపెడితే, ఆ మనిషి మనకు ముందే తెలుసన్నట్టు పాఠకుణ్ణి నేరుగా కథ మధ్యలో దించినట్టవుతుంది. అది కావాలనే చేసే రచయితలున్నారు. నువ్వూ చెయ్యొచ్చు, తెలిసి చెయ్యి.

'ఎ', 'యాన్' సంగతి తేలిక. స్పెల్లింగ్ చూడకు, ఆ మాటను తెలుగు లిపిలో రాసుకో. అచ్చుతో మొదలైతే 'యాన్': అవర్, ఆనెస్ట్, ఎంపీ. హల్లుతో మొదలైతే 'ఎ': యూనివర్సిటీ, యూరోపియన్, వన్. రెండు చోట్ల జాగ్రత్త. 'యాక్టర్', 'యాంకర్' లాంటివి మనం 'యా'తో రాస్తాం గానీ, ఇంగ్లీషులో అవి అచ్చుతోనే మొదలవుతాయి, వాటికి 'యాన్'. రెండోది 'ఇయర్'. చెవి అయితే 'యాన్', సంవత్సరమైతే 'ఎ'.

నీ ఉత్తరంలో 'యాన్ అడ్వైస్' అన్నావు. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ లెక్కపెట్టే వస్తువులు కావు, నీళ్లలాంటివి. 'సమ్ అడ్వైస్' అను.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక స్నేహితుడి తండ్రికి జబ్బు చేసింది. కాస్త ఆశ ఉందన్నారని చెప్పబోయి, దూరాన ఉన్న అతనికి 'దేర్ ఈజ్ లిటిల్ హోప్' అని రాశాను. 'ఎ లిటిల్' అనాల్సింది. ఆ ఒక్క అక్షరం లేకపోవడంతో ఇక ఆశ లేనట్టే అన్న అర్థం వచ్చింది. ఉత్తరం చదువుకుని అతను ఆ రాత్రంతా ఎలా గడిపాడో తర్వాత చెప్పాడు. ఆ మాటలు నేనింకా మర్చిపోలేదు.

నీ రెండో పేజీలో 'షి హాడ్ ఫ్యూ ఫ్రెండ్స్' అని ఉంది. ఆమెకు స్నేహితులు లేనట్టేననా, కొందరు ఉన్నారనా? మొదటిదైతే సరిగ్గానే రాశావు. రెండోదైతే 'ఎ ఫ్యూ' కావాలి. నీ మనసులో ఏముందో తెలియక దిద్దకుండా వదిలేశాను. నువ్వే చూసి రాయి.