తిరిగే రంగుల వెలుగు: కలర్ వీల్‌పై మీ ప్రశ్నలు

లైటు ముందు మోటారుతో నెమ్మదిగా తిరిగే రంగుల చక్రం, అదే కలర్ వీల్ గురించి వచ్చిన ప్రశ్నలకే ఈసారి చోటంతా కేటాయించాం. అద్దాల బంతి, తిరిగే రిఫ్లెక్టర్ ఉన్న బుగ్గ లైటు గురించి వచ్చినవీ వీటితో కలిపాం.

ప్రశ్న: మా నాటక సమాజానికి 500 వాట్ల బేబీ స్పాట్లు (చిన్న స్టేజీ లైట్లు) రెండున్నాయి. వాటికి కలర్ వీల్ కొనకుండా మేమే చేసుకుందామనుకుంటున్నాం. కొలతలు, మోటారు వివరాలు చెప్పండి. (తెనాలి)

జవాబు: వీల్ సైజు లెన్సును బట్టి ఉంటుంది. మీ స్పాట్‌కి 6 అంగుళాల లెన్సు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు ఉందనుకుందాం. దానికి 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రం కావాలి. లెన్సు నడిమి భాగం చక్రం ఇరుసుకి 20 సెంటీమీటర్ల దూరంలో పడేట్టు బిగించుకోండి. అక్కడ చుట్టుకొలత దాదాపు 125 సెంటీమీటర్లు. నాలుగు రంగులైతే ఒక్కోదానికి 31 సెంటీమీటర్లు వస్తుంది. అందులో 15 సెంటీమీటర్ల మేర లెన్సు ముందు రెండు రంగులు కలిసి ఉంటాయి, మిగతా 16లో ఒకే రంగు ఉంటుంది. నిమిషానికి ఒక చుట్టు తిరిగితే ఒక్కో రంగు వంతు 15 సెకన్లు. రంగు మారడానికి 7, నిలబడడానికి 8. కంటికి హాయిగా ఉండే లెక్క ఇది. అయిదు రంగులు పెడితే నిలబడే కాలం 5 సెకన్లకి పడిపోతుంది, ఆరు పెడితే 3 సెకన్లే. రంగులు ఎక్కువుంటే అందం ఎక్కువని చాలామంది అనుకుంటారు కానీ ఏ రంగూ కుదురుగా నిలవదు. నాలుగే పెట్టండి.

చక్రానికి 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు చాలు. అంచు మడతకి అర సెంటీమీటరు అదనంగా వదిలి కోయించండి. మడత లేకపోతే అంత పెద్ద రేకు తిరిగేటప్పుడు ఊగుతుంది. రంగు షీట్లు (జిలెటిన్లు) బిగించడానికి రేకులో కోసే గడులు ఇరుసు నుంచి 11 సెంటీమీటర్ల దగ్గర మొదలై 28.5 దగ్గర ఆగాలి. గడుల మధ్య మిగిలే రేకు పట్టీల, అంటే ఆకుల వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరు దాటనివ్వకండి. అవి వెడల్పయితే రంగు మారినప్పుడల్లా స్టేజీ మీద వెలుగు తగ్గి పెరుగుతుంది.

మోటారు 230 వోల్టుల సింక్రనస్ (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఒకే వేగంతో తిరిగే) గేర్ మోటారు, 1 ఆర్‌పీఎం (నిమిషానికి ఒక చుట్టు) అని అడిగి తీసుకోండి. మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే మోటారు చౌకగా దొరుకుతుంది, కానీ మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అది నిమిషానికి 5 చుట్లు తిరుగుతుంది. రంగుకి 3 సెకన్లు మాత్రమే వస్తుంది. అదే వాడాలనుకుంటే మోటారుకి 2 సెంటీమీటర్ల పుల్లీ, చక్రానికి 10 సెంటీమీటర్ల పుల్లీ వేసి మధ్యన రబ్బరు బెల్టు పెట్టండి. లేబుల్ మీద వోల్టేజీ తప్పనిసరిగా చదవండి. ఇలాంటి మోటార్లలో కొన్ని 21 వోల్టులవే, 230 ఇస్తే వెంటనే మాడిపోతాయి. ఈ రకం మోటారు స్విచ్ వేసినప్పుడల్లా ఏ దిక్కున తిరుగుతుందో చెప్పలేం. రంగుల వరస మీకు ముఖ్యమైతే దిశ ఖాయంగా ఉన్నదే కొనాలి.

చక్రం బరువు మోటారు ఇరుసు మీద మోపకండి. రెండు బేరింగుల మీద విడిగా ఇరుసు నిలబెట్టి, మోటారుకి తిప్పే పని మాత్రమే ఇవ్వండి. జిలెటిన్లు బిగించాక, చక్రాన్ని మోటారు నుంచి విడదీసి చేత్తో తిప్పి వదలండి. ఎప్పుడూ ఒకే వైపు కిందికొచ్చి ఆగితే ఆ వైపు బరువు ఎక్కువ. దానికి ఎదురుగా అంచున ఒక చిన్న నట్టు బిగించి మళ్లీ చూడండి. ఎక్కడ వదిలితే అక్కడే ఆగేదాకా సరిచేయాలి. బ్యాలెన్స్ లేని చక్రం పైకెక్కేటప్పుడు తడబడి, దిగేటప్పుడు జారుతుంది.

రంగుల వరస ఎరుపు, అంబర్ (తేనె రంగు), ఆకుపచ్చ, నీలం అయితే మారే సమయంలో కూడా మంచి రంగులే వస్తాయి. ఆకుపచ్చ, నీలం కలిసినప్పుడు సముద్రపు రంగు, నీలం, ఎరుపు కలిసినప్పుడు మెజెంటా పడతాయి. అంబర్ పక్కన నీలం పెడితే ఆ కాసేపూ వెలిసిపోయినట్టుంటుంది. రెండు జిలెటిన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా అంచుకి అంచు ఆనించండి. ఎరుపు మీద ఆకుపచ్చ ఎక్కితే ఆ మేర వెలుగు దాదాపు ఆగిపోయి నల్లచార పడుతుంది.

వీల్ ఎప్పుడూ లెన్సుకి ముందే ఉండాలి. ప్రొఫైల్ స్పాట్ (వెలుగు అంచు స్పష్టంగా పడే లైటు) లోపల గేటు దగ్గర, అంటే దీపానికీ లెన్సుకీ మధ్యన పెడితే ప్రతి ఆకు నీడా తెర మీద స్పష్టంగా నడుస్తుంది.

ప్రశ్న: మా వీల్‌లో ప్రతిసారీ నీలం జిలెటిన్ ముందుగా పాడవుతోంది. మధ్యలో తెల్లబడి, ముడుచుకుని, చివరికి చిల్లి పడుతోంది. పసుపు మాత్రం ఏళ్ల తరబడి అలాగే ఉంది. నాణ్యత లోపమా? (కరీంనగర్)

జవాబు: కాదు. జిలెటిన్ తెల్లటి వెలుగుకి రంగు పూయదు. తనకి సరిపడని వెలుగుని మింగేసి మిగతాది వదులుతుంది, మింగిందంతా వేడి అవుతుంది. స్టేజీ ఫిల్టర్లలో మామూలు పసుపు వెలుగులో నూటికి 80 పాళ్లు వదిలేస్తుంది. ముదురు ఆకుపచ్చ 15, ముదురు ఎరుపు 9, ముదురు నీలం 3 పాళ్ల దగ్గర ఉంటాయి. పైగా హాలోజెన్ దీపంలో ఎరుపు, పసుపు భాగాలే ఎక్కువ, నీలం చాలా తక్కువ. కాబట్టి నీలం గడి మీద పడే భారం అన్నిటికంటే పెద్దది.

ముందుగా ముదురు నీలం మానేసి ఒక మెట్టు లేత నీలం వేయండి. వెలుగు అయిదారు రెట్లు పెరుగుతుంది, వీల్ తిరిగేటప్పుడు నీలం దగ్గర స్టేజీ చీకటి పడిపోవడమూ తగ్గుతుంది. తరవాత, గిఫ్టు ప్యాకింగు మెరుపు కాగితం వాడుతుంటే ఈరోజే తీసేయండి. వేడికి అది కరుగుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. పాలికార్బొనేట్ మీద చేసిన స్టేజీ ఫిల్టర్ అడిగి తెచ్చుకోండి, పాలియెస్టర్ కంటే వేడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. నీలం షీటుకి సూదితో సెంటీమీటరుకొకటి చొప్పున సన్నటి రంధ్రాలు పొడిస్తే వేడి గాలి బయటికి పోతుంది. రంగు కాస్త పలచబడినా తేడా తెర మీద కనిపించదు.

బిగించే తీరు కూడా చూడండి. నాలుగు వైపులా టేపు వేస్తే షీటు వేడికి కదలడానికి చోటుండదు, ఉబ్బి దీపం వైపు వంగుతుంది. ఇరుసు వైపు అంచు ఒక్కటే బిగించి, మిగతా మూడు అంచులూ రేకు గాడిలో వదులుగా ఉంచాలి. మరో కారణం, విరామంలో లైటు వెలుగుతూనే ఉంచి మోటారు ఆపేయడం. తిరుగుతున్నంతసేపూ ప్రతి గడికీ చల్లారే వ్యవధి దొరుకుతుంది, ఆగిన చక్రంలో ఒక్క గడే కాలుతుంది. మోటారు ఆపితే లైటు కూడా ఆపాల్సిందే.

ప్రశ్న: డిమ్మర్ తగ్గించినప్పుడు వీల్ మోటారు గుయ్యిమని మోగి ఆగిపోతోంది. (అనంతపురం)

జవాబు: మోటారుని కూడా డిమ్మర్ లైను మీదే వేసినట్టున్నారు. డిమ్మర్ కరెంటు తరంగంలో ముక్కలు కోసి ఇస్తుంది, సింక్రనస్ మోటారుకి అది సరిపడదు. కొన్నాళ్లకి కాయిల్ మాడుతుంది. మోటారుకి డిమ్మర్‌తో సంబంధం లేని విడి లైను, విడి స్విచ్ ఇవ్వండి. రేకు చక్రానికీ, స్టాండుకీ ఎర్త్ వైరు వేయించడం మరవకండి. జనరేటర్ మీద వేగం కొద్దిగా మారితే కంగారు వద్దు. మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది.

ప్రశ్న: కూచిపూడి అరంగేట్రానికి కలర్ వీల్ పెట్టమని తల్లిదండ్రులు కోరుతున్నారు. పెట్టొచ్చా? (విజయవాడ)

జవాబు: నర్తకి మీద వద్దు, వెనక తెర మీద పెట్టండి. ఎర్ర వెలుగులో నుదుటి బొట్టు, పారాణి ముఖం రంగులో, కాలి రంగులో కలిసిపోయి కనపడవు. ఆకుపచ్చ వచ్చేసరికి అదే బొట్టు నల్లగా మారుతుంది. ఆకుపచ్చ పట్టు ఎర్ర వెలుగులో నల్లబడుతుంది. అభినయమంతా కళ్లలో, పెదవుల్లో ఉన్న నాట్యానికి 15 సెకన్లకొకసారి ముఖం రంగు మార్చడం అన్యాయం. ముఖానికి ముందు వైపు రెండు పక్కల నుంచీ లేత అంబర్, లేత గులాబీ నిలకడగా ఇచ్చి, వీల్‌ని తెల్లటి లేదా బూడిద రంగు తెర మీదికి మళ్లించండి. తెరకీ నర్తకికీ మధ్య కనీసం 2 మీటర్లు ఉంటే రంగు వెలుగు ఆమె మీదికి రాదు.

తనకంటూ రంగు లేని వస్తువు మీదే వీల్ వెలుగు పండుతుంది. 1892 నుంచి పారిస్‌లోని ఫోలీ బెర్జేర్‌లో ప్రదర్శనలిచ్చిన అమెరికన్ నర్తకి లోయీ ఫుల్లర్ గజాల కొద్దీ పలచటి తెల్ల పట్టు చుట్టుకుని, కర్రలతో దాన్ని విసురుతూ, దాని మీద మారే రంగుల వెలుగు వేయించేది. ఆమె నృత్యంలో ముఖం ప్రధానం కాదు, గుడ్డే ప్రధానం. అక్కడ కుదిరిన పని కూచిపూడి ఆహార్యం మీద కుదరదు. వినాయక మండపాల వాళ్లకీ ఇదే మా సలహా. రంగులు వేసిన విగ్రహం మీద కాకుండా వెనక కట్టిన తెల్ల గుడ్డ మీద, థర్మోకోల్ మకరతోరణం మీద వీల్ వేయండి.

ప్రశ్న: ఫంక్షన్ హాల్లో అద్దాల బంతి పెట్టాం. కలర్ వీల్ కూడా జోడించాం. చుక్కలు మరీ వేగంగా పరిగెత్తి పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. (రాజమహేంద్రవరం)

జవాబు: బంతి మోటారు 1 ఆర్‌పీఎంది కాకపోయి ఉండాలి. అద్దం ఎంత కోణం తిరిగితే దాని నుంచి వచ్చే వెలుగు అంతకి రెట్టింపు తిరుగుతుంది. నిమిషానికి ఒక్క చుట్టు తిరిగే బంతి చుక్కలు 5 మీటర్ల దూరపు గోడ మీద సెకనుకి సుమారు ఒక మీటరు నడుస్తాయి. 5 ఆర్‌పీఎం మోటారు వేస్తే అది సెకనుకి 5 మీటర్లవుతుంది. మోటారు మార్చడమే మార్గం.

బంతి మీద వేసే లైటు కిరణం సన్నగా ఉండాలి. 6 వోల్టులు, 30 వాట్ల పార్ 36 (రిఫ్లెక్టర్‌తో కలిసి ఉన్న బల్బు) పిన్ స్పాట్ దీనికోసమే ఉంది. బంతిని దాటి పోయిన వెలుగు గోడ మీద పెద్ద మచ్చలా పడి చుక్కల్ని చంపేస్తుంది. బంతికి రెండు వైపులా రెండు పిన్ స్పాట్లు పెట్టి, ఒకదానికి వీల్, ఇంకోదానికి నిలకడైన లేత నీలం వేసి చూడండి. బంతిని కొక్కెం ఒక్కదాని మీదే వేలాడదీయకుండా, పైనుంచి విడిగా ఒక స్టీలు తీగ కూడా కట్టించండి.

ప్రశ్న: ఇక్కడ పాత సామాన్ల అమ్మకంలో ప్లాస్టిక్ రంగుల చక్రం ఉన్న లైటు కొన్నాను. క్రిస్మస్ చెట్టుది అన్నారు. గుంటూరులో మా ఇంటికి పంపితే పనిచేస్తుందా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: అది అల్యూమినియం చెట్టు కోసం చేసిన వీల్. విస్కాన్సిన్ రాష్ట్రం మానిటొవాక్‌లోని అల్యూమినియం స్పెషాల్టీ కంపెనీ 1959లో ఎవర్‌గ్లీమ్ పేరుతో వెండి రంగు చెట్లు తెచ్చింది. లోహపు ఆకుల మీద సీరియల్ బల్బులు చుడితే, ఎక్కడైనా వైరు తోలు ఊడినప్పుడు చెట్టంతా షాక్ కొట్టే ప్రమాదం ఉంది. అందుకే చెట్టుకి దూరంగా నేల మీద పెట్టే ఈ రంగుల వీల్ వచ్చింది.

నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి, 120 వోల్టుల మోటారు 230కి మాడిపోతుంది. మోటారుకి కొద్ది వాట్లే చాలు కాబట్టి 230 నుంచి 110కి తగ్గించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. డిమ్మర్ తరహా కన్వర్టర్ మాత్రం వద్దు. బల్బు హోల్డర్, వైరు తీసేసి ఇక్కడి 230 వోల్టుల హోల్డర్ వేయించి, పార్ 38 ఎల్ఈడీ బల్బు పెట్టండి. వేడి తగ్గి, పెళుసెక్కిన పాత ప్లాస్టిక్ పగలకుండా ఉంటుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. నిమిషానికి ఒక చుట్టు తిరిగే మోటారైతే ఇక్కడ 72 సెకన్లకొక చుట్టు తిరుగుతుంది. దానికేం నష్టం లేదు.

ప్రశ్న: ఎల్ఈడీ పార్ లైటు ఒకటి కొంటే అన్ని రంగులూ మారతాయి కదా, ఇంకా వీల్ ఎందుకు? (వరంగల్)

జవాబు: కొత్తగా కొనేవాళ్లకి మేమూ ఎల్ఈడీయే చెబుతాం. కరెంటు తక్కువ, వేడి తక్కువ. అయితే చౌక రకాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం బల్బులు పక్కపక్కనే ఉంటాయి. దగ్గరగా ఉన్న మనిషి నీడ అంచులు మూడు రంగులుగా చీలతాయి. ఎరుపు, ఆకుపచ్చ కలిపి తెచ్చే అంబర్ కూడా చర్మం మీద నిర్జీవంగా ఉంటుంది. పాత స్పాట్లు బాగానే ఉన్నవాళ్లు వీల్ చేసుకోవడం దండగ కాదు.

ప్రశ్న: నాటకంలో మంత్రి బుగ్గ కారు వచ్చే దృశ్యానికి పాత తిరిగే బుగ్గ లైటు తెచ్చాం. వెలుగుతోంది కానీ లోపల రిఫ్లెక్టర్ తిరగడం లేదు. (ఒంగోలు)

జవాబు: దాంట్లో బల్బు కదలదు, దాని చుట్టూ రిఫ్లెక్టర్ తిరుగుతుంది. తిరగకుండా వెలిగించి ఉంచితే వేడంతా ఒకే పక్కన పడి ఎర్ర డోము కరుగుతుంది, కాబట్టి బాగుచేసేదాకా వెలిగించకండి. డోము తీసి మోటారుకీ రిఫ్లెక్టర్‌కీ మధ్యన ఉన్న రబ్బరు రింగో, ప్లాస్టిక్ గేరో చూడండి. ఎక్కువగా రింగు సాగిపోయి జారుతుంటుంది. దాన్ని మార్చినా తిరగకపోతే మీరిస్తున్న కరెంటు చాలడం లేదేమో చూడాలి. 12 వోల్టులు, 55 వాట్ల బల్బే నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది, 2 ఆంపియర్ల అడాప్టర్‌తో మోటారుకి ఏమీ మిగలదు. 10 ఆంపియర్ల సప్లై గానీ, బైకు బ్యాటరీ గానీ వాడండి. ప్రముఖుల కార్ల మీద ఎర్ర బుగ్గలు 2017 మే 1 నుంచి తీసేశారు. మీ నాటకం కాలం అంతకు ముందుదైతేనే ఆ లైటు నప్పుతుంది.