అలంకారాలు మీ అమ్మాయికి ముందే వచ్చు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మావారు మిర్చి యార్డులో గుమాస్తా. మా అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, సీఈసీ. లాయర్ కావాలని దాని కోరిక. డిసెంబరులో క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాస్తానంటోంది. మాక్ టెస్టుల్లో ఇంగ్లీష్ ప్యాసేజీల దగ్గరే మార్కులు పోతున్నాయి. ఎవరో చెప్పారని 220 లిటరరీ టర్మ్స్ (అలంకారాల్లాంటి సాహిత్య పదాలు) ఉన్న పుస్తకం కొనుక్కుని రోజుకు నాలుగు చొప్పున బట్టీ పడుతోంది. రెండు నెలలైంది, మార్కులు కదల్లేదు. ఇంగ్లీష్ మీడియం పిల్లలతో పోటీ పడలేదేమో అని భయంగా ఉంది. ఈ ఆశ మాన్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆశ మాన్పించకండి. ఆ బట్టీ మాన్పించండి చాలు.

క్లాట్ 2020 నుంచి ప్యాసేజీల పరీక్ష అయిపోయింది. ఇప్పుడు 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంగ్లీష్ విభాగంలో వచ్చేవి 22 నుంచి 26 ప్రశ్నలే. కానీ లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కరెంట్ అఫైర్స్ కూడా ప్యాసేజీ ఇచ్చి అడిగేవే. అంటే చదివి అర్థం చేసుకోవడమే దాదాపు పేపరంతా. ఇందులో ‘మెటాఫర్ నిర్వచనం ఏమిటి’ అని ఎవరూ అడగరు. రచయిత ఏం వాదిస్తున్నాడు, ఈ మాట ఇక్కడ ఏ అర్థంలో వాడాడు, చెప్పినదాన్నిబట్టి చెప్పనిది ఏం తేలుతుంది అని అడుగుతారు. కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ ఇంగ్లీష్ పేపరులో కథనం, సాహిత్యం తరహా ప్యాసేజీలు కూడా ఉంటాయి. అక్కడ అలంకారాలు కాస్త ఎక్కువ అక్కరకొస్తాయి. అయినా ఆ 220లో నిజంగా పనికొచ్చేవి పదిహేను, ఇరవై మించవు.

ఆ పదిహేనులో సగం మీ అమ్మాయికి ఎప్పుడో వచ్చు. ఇంగ్లీష్ పేర్లు చూసి కొత్తవనుకుంటోంది. పదో తరగతి తెలుగులో ఉపమాలంకారం చదివింది కదా, అదే సిమిలి. ‘లా’, ‘వలె’ అని పోల్చి చెప్పడం. పోలిక మాట తీసేసి ఇదే అది అంటే రూపకం, ఇంగ్లీష్‌లో మెటాఫర్. ఉన్నదాన్ని గోరంతలు కొండంతలు చేసి చెబితే అతిశయోక్తి, వాళ్లు హైపర్‌బోలీ అంటారు. వృత్త్యనుప్రాసకు దగ్గర చుట్టం అలిటరేషన్. పర్సానిఫికేషన్ అన్న పేరు చూసి బెదిరిపోతారు గానీ, వానాకాలంలో ప్రకాశం బ్యారేజీ వార్తలు చదివితే రోజూ అదే: కృష్ణమ్మ ఉగ్రరూపం దాల్చింది, కృష్ణమ్మ శాంతించింది. నదికి మనిషి కోపం, మనిషి శాంతి అంటగట్టాం. ఇక ఐరనీ. పిల్లాడు రాత్రి పదింటికి ఇల్లు చేరితే ‘అబ్బో, ఎంత పెందలాడే వచ్చావు నాయనా’ అంటారే, అదే. పైకి ఒక మాట, లోపల దానికి పూర్తిగా ఎదురు. అన్నీ ఒకటికి ఒకటి అతికినట్టు సరిపోవు. ఉత్ప్రేక్షకు ఇంగ్లీష్‌లో ఒక్క మాటలో జోడీ దొరకదు. పరవాలేదు, పరీక్షకు ఆ లోతు అక్కర్లేదు. ఒక కాగితం మీద తెలుగు పేరు, ఇంగ్లీష్ పేరు, తన సొంత ఉదాహరణ రాసుకోమనండి. ఒక ఆదివారం పని.

అసలు కష్టం అలంకారాల్లో లేదు. ఒక చిన్న పేరా ఇస్తాను, ఈ రాత్రి మీ అమ్మాయి చేత చదివించండి. తెలుగులోనే ఇస్తున్నాను, కావాలనే.

‘తూకం అయ్యాక సుబ్బయ్య చీటీ చూసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఊరికి వెళ్లే బస్సు వెండి దుకాణం ముందు కాసేపు ఆగింది. పొద్దున బయల్దేరేటప్పుడు కూతురు తన కాళ్లకేసి చూపించి నవ్వింది. సుబ్బయ్య అవతలి కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.’

ఈ పేరా నుంచి ఏం తేలుతుంది? ఒకటి, సుబ్బయ్యకు అనుకున్నంత డబ్బు చేతికి రాలేదు. రెండు, వ్యాపారి తూకంలో మోసం చేశాడు. మూడు, పట్టీల సంగతి సుబ్బయ్య మరిచిపోయాడు. నాలుగు, కూతురి మీద అతనికి ప్రేమ లేదు.

జవాబు మొదటిది. పేరాలో ధర మాటే లేదు, పట్టీలన్న మాట కూడా లేదు. మడిచిన చీటీ, తిప్పుకున్న మొహం చూసి మనం తేల్చుకున్నాం. దీన్నే ఇన్ఫరెన్స్ అంటారు. మరిచిపోతే ఆ దుకాణం వైపు మామూలుగానే చూసేవాడు, కాబట్టి మూడోది పోయింది. ప్రేమ లేకపోతే మొహం తిప్పుకోవాల్సిన పనే లేదు, కాబట్టి నాలుగోదీ పోయింది. రెండోదే ఉచ్చు. మీ ఇంట్లో పిల్లకు మరీ పెద్ద ఉచ్చు, ఎందుకంటే యార్డు కబుర్లు పుట్టినప్పటి నుంచి వింటోంది. మోసం జరగొచ్చు, జరుగుతుందని తనకు తెలిసి ఉండొచ్చు కూడా. కానీ పేరాలో దానికి ఆధారం లేదు. బాగా తెలిసిన విషయం మీద ప్యాసేజీ వచ్చినప్పుడు తెలివైన పిల్లలు కూడా ఇక్కడే జారిపోవడం నేను చాలాసార్లు చూశాను. ప్రతి ఆప్షన్‌కూ ‘ఏ వాక్యం చూసి ఇది అంటున్నావు’ అని అడగండి. వేలు పెట్టి వాక్యం చూపించలేకపోతే ఆ ఆప్షన్ కొట్టేయడమే. లాయరు కోర్టులో చేసేదీ ఇదే పని కదా, రికార్డులో ఉన్నదాన్నిబట్టే మాట్లాడాలి.

ఇదంతా తెలుగులో చేయగలిగితే ఆమె బుర్రకు ఏ లోటూ లేదని తేలిపోతుంది. అప్పుడు మిగిలేది ఇంగ్లీష్‌లో వేగం, కొన్ని మాటలు.

వేగం లెక్క కట్టి చూడండి. ఇంగ్లీష్ విభాగంలో ప్యాసేజీ దాదాపు 450 పదాలుంటుంది. 120 నిమిషాల్లో 120 ప్రశ్నలు కాబట్టి, అయిదు ప్రశ్నలున్న ప్యాసేజీకి చదవడంతో కలిపి అయిదు నిమిషాలే. నిమిషానికి 100 పదాలు చదివితే చదవడానికే నాలుగున్నర నిమిషాలు పోతుంది. 180 చదివితే రెండున్నర నిమిషాల్లో అయిపోయి, ప్రశ్నలకు మరో రెండున్నర మిగులుతుంది. మీ అమ్మాయి ఎంత చదువుతోందో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదువుతారు. అక్కడే సమయమంతా పోతుంది. మార్చుకోవద్దని చెబితే మానలేరు. అందుకే నేను వాక్యానికి కాకుండా పేరాకు ఒకసారి మార్చుకోమంటాను. పేరా మొత్తం ఆగకుండా చదివి, పుస్తకం మూసి, ‘ఈయన చెప్పేదేమిటంటే...’ అని మీకు తెలుగులో రెండు ముక్కల్లో చెప్పమనండి. వినడానికి మీకు ఇంగ్లీష్ రానక్కర్లేదు. చెప్పేదానిలో పొంతన కుదరకపోతే మీకే తెలిసిపోతుంది. రోజుకో ఇంగ్లీష్ సంపాదకీయం చాలు. పాత సంచికలు, కథల పుస్తకాలు కావాలంటే ఎప్పుడైనా విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాలు చూడండి.

సంపాదకీయాల్లో ఒక్కటి గమనించమనండి. రచయిత ముందు అవతలివాళ్ల వాదన చక్కగా చెబుతాడు, తర్వాత ‘హౌవెవర్’ అనో ‘బట్’ అనో తిరుగుతాడు. తన మాట సాధారణంగా ఆ మలుపు తర్వాత ఉంటుంది. మలుపుకు ముందున్నదే రచయిత అభిప్రాయం అనుకుని మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. ఆ మాటల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టడం అలవాటు చేయండి. ఆప్షన్లలో ‘ఓన్లీ’, ‘ఆల్వేస్’, ‘నెవర్’ కనిపిస్తే మరోసారి ప్యాసేజీలోకి వెళ్లి చూసుకోవాలి.

బట్టీ పట్టే ఓపిక ఉంది కాబట్టి అది టోన్ మాటల మీద పెట్టమనండి. రచయిత ధోరణి ఏమిటని అడిగినప్పుడు ధోరణి తెలిసీ ఆప్షన్‌లో మాట అర్థం కాక వదిలేస్తారు. స్కెప్టికల్ అంటే నమ్మకం కుదరనివాడు. సినికల్ అంటే అసలు ఎవరి మంచితనాన్నీ నమ్మనివాడు. యాంబివలెంట్ అంటే మనసు రెండు వైపులా లాగుతున్నవాడు. నోస్టాల్జిక్ అంటే గడిచిన రోజుల మీద బెంగ. ఇండిఫరెంట్ అంటే పట్టనివాడు, డిస్‌ఇంటరెస్టెడ్ అంటే అసలు అర్థంలో పక్షపాతం లేనివాడు. ఈ చివరి రెండూ ఒకటే అనుకుంటారు. జడ్జి డిస్‌ఇంటరెస్టెడ్‌గా ఉండాలి, ఇండిఫరెంట్‌గా ఉండకూడదు. ఇలాంటివి ముప్పై మాటలు, ఒక్కోదానికి ఇంట్లోవాళ్లో చుట్టాలో ఒకరిని గుర్తు పెట్టుకుంటే మరి మరిచిపోరు.

మీ భయం గురించి ఒక మాట. ఒక్క పరీక్ష మీదే అంతా పెట్టాల్సిన పని లేదు. రాష్ట్రంలోని లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు, అయిదేళ్ల లా కోర్సుకు అదీ దారే. అది కూడా రాయించండి. అయితే క్లాట్ వదిలేసి కాదు. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయం రెండింట్లోనూ అయిదేళ్ల కోర్సు సీట్లు క్లాట్ ద్వారానే. అక్కడ చదువు ఇంగ్లీష్‌లోనే సాగుతుంది కాబట్టి ఇప్పుడు పెంచుకునే ఈ చదువరితనం సీటు వచ్చాక కూడా అక్కరకొస్తుంది.

ఈ వారం నుంచే ఒక తప్పుల పుస్తకం మొదలుపెట్టించండి. ప్రతి మాక్ టెస్ట్ తర్వాత తప్పుపోయిన ప్రశ్న పక్కన నాలుగింటిలో ఏదో ఒకటి రాయాలి: సమయం చాలలేదు, మాట తెలియలేదు, మలుపు గమనించలేదు, పేరాలో లేనిది ఊహించాను. ఆరు వారాలయ్యాక ఆ పుస్తకం, మొదటి మాక్ పేపరు, చివరి మాక్ పేపరు తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. ఎక్కువ ఏ కారణం ఉంటే అక్కడి నుంచి మిగతా నెలల ప్రణాళిక వేద్దాం.